నటీమణి శ్రీమతి సూర్యకాంతము

రత్నములను గూర్చి చెప్పిన పెద్దలు సూర్యకాంతమను నొక మణిని పేర్కొనిరి. చేతికి తీసికొన్న నది చల్లగా నుండును. సూర్యకిరణము సోకినంతనే నిప్పు గ్రక్కును. వెన్నెలకు చంద్రకాంతము కరగుటయు, ఎండకు సూర్యకాంతము రగులుటయు మన కవులకు మిక్కిలి ప్రియమైన వర్ణనలు. ఆ మణి పేరునే ధరించిన తెలుగు ఆడపడుచు ఒకతె, స్టూడియో దీపముల వెలుగు సోకినంతనే నిప్పులు గ్రక్కుచు, ఆ దీపములు ఆరినంతనే చల్లని తల్లిగా నిలుచుచు, ఇంచుమించు ఏబది యేండ్లు ఆంధ్రదేశమును నవ్వించినది, కోపగింపజేసినది, ఆలోచింపజేసినది. తిట్టించుకొనుటయే వృత్తిగా గైకొని, ఆ తిట్లలోనుండియే కీర్తిని పిండుకొన్న ఆ నటీమణి జీవితము తెలిసికొనదగినది.

సూర్యకాంతము 1924 వ సంవత్సరము అక్టోబరు 28 వ తేదీన, కాకినాడకు సమీపమునగల వెంకటకృష్ణరాయపురమున జన్మించెను. పొన్నాడ వారి ఇంటి ఆడబిడ్డ. తల్లిదండ్రులకు పధ్నాలుగవ సంతానము. అంత పెద్ద సంసారమున చివర పుట్టిన పిల్లకు గారాబమెంతయో, గంజికొఱత యంతయు నుండును. ఆరేండ్ల ప్రాయముననే పాటయు ఆటయు అలవడినవి. ఎనిమిదవ యేట తండ్రి గతించెను. ఆ వయస్సున తండ్రిని కోల్పోయిన బిడ్డకు లోకమును ఎదిరించి మాటలాడు ధైర్యము తనంతట తానే వచ్చును. ఈమెకును వచ్చినది.

ఆనాటి కాకినాడ నాటకాభిమానులకు పుట్టినిల్లు. యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు వంటి సమాజములు అక్కడ నాటకములాడించుచుండెడివి. ఎస్.వి. రంగారావు, రేలంగి, అంజలీదేవి మొదలగువారు ఆ గాలి పీల్చి ఎదిగినవారే. ఆ గాలియే ఈ బాలికకును సోకినది. గోడలమీద అంటించిన హిందీ చిత్రముల బొమ్మలు చూచి, తానును ఆ బొమ్మలలో నొకతె కావలెనని ఆమె కోరుకొనుచుండెను. గృహస్థుల ఇంటి ఆడపిల్ల చిత్రములలో వేషము వేయుట నలుగురు నవ్వుపనిగా నెంచెడి దినములవి. ఆ నవ్వులను లెక్కచేయక ఆమె మదరాసు చేరెను.

మదరాసున జెమిని స్టూడియోవారు ఆ దినములలో చంద్రలేఖ యను బృహత్తర చిత్రమును నిర్మించుచుండిరి. అది ఏండ్లకొలది సాగి 1948 లో వెలువడినది. అందు నాట్యకత్తెలలో నొకతెగా సూర్యకాంతమునకు పని దొరకినది. జీతము నెలకు 65 రూపాయలు. అది చాలదని ఆమె నిర్మాతకే తెలియజేయగా 75 రూపాయలు చేసిరి. పది రూపాయల పెంపు నేటివారికి చిన్నదిగా తోచవచ్చును. కాని వందలమంది నడుమ, పేరుకూడ ఎవరికిని తెలియని పల్లెటూరి పిల్ల, పెద్ద సంస్థ యజమానుల ఎదుట నిలిచి తన కష్టమునకు తగిన వెల అడుగుట చిన్నపని కాదు. ఆ నిక్కచ్చితనము తరువాత జీవితమంతయు ఆమెను విడువలేదు.

1946 లో నారద నారది చిత్రమున చిన్న పాత్ర లభించినది. ఆ యేడే వచ్చిన గృహప్రవేశమున కొంత మేలైన పాత్ర దొరకినది. 1949 లో వచ్చిన ధర్మాంగదలో ఆమెకిచ్చినది మూగవేషము. విధి వైపరీత్య మనవలసినది ఇదియే. ఏ నాలుక ముందు ఆంధ్రదేశమున అత్తలందరును చేతులు జోడింపవలసివచ్చెనో, ఆ నాలుకకు మొదట దొరకిన పాత్రలలో నొకటి మాటయే లేని పాత్ర!

ప్రతి నటి వలెనే ఈమెకును నాయిక కావలెనను కోరిక యుండెను. సౌదామిని యను చిత్రమున ఆ అదృష్టము చేతికందినంత పని అయ్యెను. ఇంతలో కారు ప్రమాదమున ముఖమునకు గాయము తగిలినది. నాయిక వేషము జారిపోయినది. అంతకంటె నటికి వేరు విపత్తు లేదు. అనేకులు అచ్చటితో మూట గట్టుకొని స్వగ్రామము చేరియుందురు. ఆమె మాత్రము గాయము మానువఱకు వేచియుండి, మానిన పిదప దొరకిన పాత్రను కాదనక స్వీకరించెను. ఆ పాత్రయే ఆమె జాతకమును మార్చినది.

అది 1950 లో ఎల్.వి. ప్రసాదుగారి దర్శకత్వమున వెలువడిన సంసారము. అందు నందమూరి రామారావు కథానాయకుడు. చిన్న జీతముతో సంసారము నీదుకొను ఆ సద్గృహస్థునికి తల్లిగా, కోడలిని రాచిరంపాన పెట్టు గయ్యాళి అత్తగా సూర్యకాంతము నటించెను. అప్పటికామె వయస్సు ఇరువదియారేండ్లు. కొడుకుగా నటించిన రామారావు ఆమెకంటె ఏడాదిన్నర పెద్దవాడు! అయినను చూచినవారెవరికిని ఆ సంశయము కలుగలేదు. ఆడువారు పమిట చెంగులతో కన్నులొత్తుకొనుచు, ఆ అత్తను నోరార తిట్టుకొనుచు ఇంటికి మరలిరి. ఆ తిట్టే నటికి సన్మానపత్రము.

ఆ యేడే ఆమెకు పెద్దిభొట్ల వెంకట చలపతిరావుగారితో వివాహము జరిగినది. ఆయన హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. తెరమీద సంసారములను కూల్చు నటికి తనదైన సంసారము కుదురుగా నమరినది.

ఇచ్చట చెప్పదగిన విషయ మొకటి కలదు. సంసారము తరువాత బొంబాయి నిర్మాత ఒకరు తమ హిందీ చిత్రమున ఈమెకు నాయిక పాత్ర ఇవ్వజూపిరి. చిన్ననాట గోడల మీద బొమ్మలు చూచి కన్న కల ఇన్నాళ్ళకు తనంతట తానే వాకిట నిలిచినది. కాని ఆ పాత్రకు మొదట వేరొక నటిని నియమించి, ఆమెను తొలగించి తనకిచ్చుచున్నారని తెలియగానే సూర్యకాంతము ఆ అవకాశమును త్రోసివేసెనని చెప్పుదురు. ఒకరి కన్నీటిమీద తన ఇల్లు కట్టుకొనుట ఆమెకు సరిపడలేదు. తెరమీద ఇతరుల సొత్తునకు ఆశపడు ఆడుదానిగా ఎన్ని మారులు కనిపించెనో లెక్కలేదు. నిజమైన పరీక్ష వచ్చిననాడు మాత్రము ఇతరుల పాత్రకు ఆశపడలేదు. నాయిక కాదలచిన కోరిక అంతటితో ముగిసినది. అత్తయై ఆమె అజరామరురా లయ్యెను.

ఆమె రాణించిన కాలమును కూడ గమనింపవలెను. ఉమ్మడి కుటుంబములు చీలి, ఒకే కమతము నాలుగు కమతములై, అన్నదమ్ములు వేర్వేరు పట్టాలు వ్రాయించుకొనుచున్న దినములవి. ఏ ఊర చూచినను పంపకముల తగవులే. పెరటిలో అడ్డుగోడ, నూతికి వంతులు, తల్లి ఏ కొడుకు పంచన నుండవలెనను పేచీ. ఇవి ప్రతి ఇంట నున్నవే. చిత్రనిర్మాతలు ఆ కథలనే తెరకెక్కించిరి. ఆ కథలన్నిటికిని నిప్పురవ్వ యొకటి కావలెను. రామాయణమునకు మంథర యెట్టిదో ఆ సాంసారిక చిత్రములకు సూర్యకాంతము అట్టిది. మంథర లేనిచో రాముడు అయోధ్య విడువడు, కథ నడువదు. సూర్యకాంతము నోరు విప్పనిచో అన్నదమ్ములు విడిపోరు, కోడలు కన్నీరు పెట్టదు, చివరకు అందరును మరల కలియు సంతోషము ప్రేక్షకునికి దక్కదు.

1957 లో వచ్చిన తోడికోడళ్ళు ఇందుకు మంచి తార్కాణము. శరత్ బాబు బెంగాలీ కథ ఆధారముగా ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన ఆ చిత్రమున పెద్దకోడలు కన్నాంబ, చిన్నకోడలు సావిత్రి, నడిమి కోడలు అనసూయ సూర్యకాంతము. భర్తగా రేలంగి. ముగ్గురు ఉద్దండ నటీమణుల నడుమ ఇల్లు చీల్చు బాధ్యత ఈమెదే. 1961 లో వచ్చిన కలసి ఉంటే కలదు సుఖం చిత్రమున సౌరమ్మ, ఆ యేటిదే వెలుగు నీడలు చిత్రమున కనకదుర్గమ్మ ఇట్టి పాత్రలే. కనకదుర్గమ్మ ఒక బిడ్డను పెంచుకొని, తరువాత తన కడుపున బిడ్డ కలుగగానే ఆ పెంపుడు బిడ్డను పురుగువలె చూచును. కోడరికము, చక్రపాణి, దొంగరాముడు, అత్తా ఒకింటి కోడలే, మాంగల్యబలం, భార్యాభర్తలు, ఇట్లు పేర్లు వరుసగా చెప్పుకొని పోవచ్చును. ఆమె నటించిన చిత్రములు వందలకొలదిగ నున్నవి.

ఇన్ని చిత్రములలో ఒకే తీరు పాత్ర వేసియు విసుగు పుట్టింపకుండుట ఎట్లు సాధ్యమయ్యెను? ఆమె నటనను జాగ్రత్తగా చూచినచో కొంత బోధపడును. ఆమెది ఎడమచేతి వాటము. తిట్టునపుడు ఆ ఎడమచేయి గాలిలో తిరుగుటయే ఒక హెచ్చరిక. తల కొంచెము ప్రక్కకు వంచి ఓరచూపు చూచుట, మూతి త్రిప్పుట, నడుమున చేయి వేసి నిలుచుట, ఇవి మన వీథులలో నూతులకడ నిత్యము కనిపించునవే. మాట విసరుటలో గొప్ప తాళజ్ఞానము కలదు. ఎచట దీర్ఘము తీయవలెనో, ఎచట తటాలున నిలుపవలెనో ఆమెకు తెలియును. అన్నిటికంటె మించి, ఆమె దుష్టత్వమున అమాయకత్వము కలదు. అదే కాలమున ఇట్టి పాత్రలలోనే పేరెన్నికగన్న ఛాయాదేవి, నవ్వుచునే లోన కత్తి నూరు లోతైన ఆడుదిగా కనిపించును. సూర్యకాంతము అట్లు కాదు. కడుపులోనిది నోటికి వచ్చును. దొంగపని చేసినను దొరకిపోవును. పొగడ్తకు ఉబ్బును, భయపెట్టిన హడలును. అందుచేతనే ప్రేక్షకుడు ఆమెను తిట్టుకొనుచునే నవ్వెను. పూర్తిగా ద్వేషించుట ఎవరికిని చేతకాలేదు.

ఆమెకు వేరు రసములు పలుకవనుకొనుట పొరపాటు. 1957 నాటి మాయాబజారు చూచినవారికి హిడింబ జ్ఞాపకముండును. ఘటోత్కచుడు మేరు పర్వతము వంటివాడు. అట్టివాడు తల్లి ఎదుట వినయముగా తలవంచి నిలుచును. ఆ తల్లి రాక్షసి యైనను కొడుకును చూచుకొని మురిసిపోవును. కొడుకుగా నటించిన రంగారావు ఆమెకంటె ఆరేండ్లు పెద్దవాడు. నాలుగేండ్లు తిరుగక ముందే వెలుగు నీడలలో వారిరువురును భార్యాభర్తలుగా కనిపించిరి. ఈ రెండును చూచిన ప్రేక్షకుడు రెంటిని నమ్మెను. హిడింబను అంత మృదువుగా చూపగలిగిన నటికి అట్టి పాత్రలు మరిన్ని దొరకకపోవుట తెలుగు చిత్రరంగమునకు కలిగిన నష్టమే కాని ఆమె లోపము కాదు.

1962 లో విజయా సంస్థ నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ఒక చిత్రము తీసిరి. దర్శకుడు కమలాకర కామేశ్వరరావుగారు. రామారావు, నాగేశ్వరరావు ఇరువురును నాయకులు. సావిత్రి, జమున నాయికలు. రంగారావు, రమణారెడ్డి తోడు. రామారావునకు నూరవ చిత్రముగాను, నాగేశ్వరరావునకు తొంబదితొమ్మిదవ చిత్రముగాను దానిని చెప్పుకొందురు. ఇంతమంది మహానటులున్న చిత్రమునకు పెట్టిన పేరు గుండమ్మ కథ! గుండమ్మ యనగా సూర్యకాంతము. ఇద్దరు కథానాయకులను ప్రక్కనబెట్టి అత్తగారి పేర చిత్రము వెలువడుట అంతకుముందు ఊహింపరానిది. ఎవరును ఆక్షేపింపలేదు. అది ఆమె హక్కని అందరికిని తోచినది.

ఆ గుండమ్మ పాత్ర చిత్రణము నిశితముగా చూడదగినది. ఆమె వితంతువు, ధనవంతురాలు. సవతి కూతురు లక్ష్మిచేత ఇంటి చాకిరి యంతయు చేయించును. స్వంత కూతురు సరోజను నెత్తి కెక్కించుకొనును. అంతవఱకు లోకములో నున్న కథయే. కాని గుండమ్మ క్రూరురాలు కాదు. మగదిక్కు లేని ఇంట ఆస్తిని కాపాడుకొనుటకు నోటినే కోటగా కట్టుకొన్న స్త్రీ. ఆ కోట వెనుక బెదురు గుండె యున్నది. ఘంటయ్య వంటి స్వార్థపరుల మాటలు నమ్మును. మారువేషమున పనివానిగా వచ్చిన అల్లుని గుర్తింపలేదు. చివరకు దుర్గమ్మ చేతిలో తానే అగచాట్లు పడి, తాను చులకన చేసిన లక్ష్మి అండననే బయటపడును. ఆ ఘట్టమున ప్రేక్షకులకు గుండమ్మపై జాలి కలిగించుటయే సూర్యకాంతము సాధించిన ఘనవిజయము. తరువాతి తరముల నటులతో ఆ కథను మరల తీయవలెనను మాట పలుమారులు వినవచ్చినది. నాయకులు దొరకుదురు, నాయికలు దొరకుదురు, గుండమ్మ ఎచట దొరకునను ప్రశ్న వద్దనే ఆ మాట ఆగిపోయెనని చెప్పుకొందురు.

ఇక తెర వెనుకటి సూర్యకాంతము వేరు. చిత్రీకరణకు వచ్చునపుడు ఇంటనుండి పిండివంటలు చేయించి తెచ్చి, నటులకు, పనివారికి అందరికిని కొసరి కొసరి పెట్టెడిది. తెరమీద కోడలికి పట్టెడన్నము పెట్టని అత్త, తెర వెనుక అదే కోడలికి కడుపునిండ పెట్టెడిదన్నమాట. మాటలో నిక్కచ్చి, డబ్బులో ఖచ్చితము, వేళకు రాక, ఇవి ఆమె నియమములు. ఇతరుల ఇబ్బందులలో ఆదుకొనుటయందు మాత్రము లెక్కలు చూచెడిది కాదు.

చిత్తూరు నాగయ్యగారి విషయమై ఒక సంగతి చెప్పుకొందురు. భక్త పోతన, త్యాగయ్య, యోగివేమన పాత్రలతో ఆంధ్రులకు పూజ్యుడైన మహానుభావుడాయన. ఒక చిత్రమున కథానుసారము ఆయనను నోటికి వచ్చినట్లు దూషింపవలసివచ్చినది. దృశ్యము ముగిసినంతనే సూర్యకాంతము ఆయన పాదములపై బడి కన్నీరు పెట్టుకొనెను. తిట్టినది పాత్రయే గాని ఆమె కాదని ఆయన ఓదార్పవలసివచ్చినది. నిప్పు గ్రక్కు మణి చేతికి చల్లన యనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

అయినను ఆమె చెల్లించిన మూల్యము తక్కువది కాదు. తెనాలి రామకృష్ణకవి పాండురంగ మాహాత్మ్యమున నిగమశర్మ అక్క యను నొక పాత్రను సృష్టించెను. దారి తప్పిన తమ్మునికి బుద్ధి చెప్పి, ఆ తమ్ముని చేతనే నగలు పోగొట్టుకొని దుఃఖించు ఇల్లాలు. ఆ కవి ఆమెకు పేరే పెట్టలేదు. పేరు లేకయే ఆమె నాలుగు శతాబ్దములుగా తెలుగువారి ఇంటి ఆడపడుచై నిలిచినది. సూర్యకాంతము విషయమున దీనికి విపర్యయము జరిగినది. ఇచ్చట పాత్రల పేర్లు మాసిపోయి, నటి పేరే పాత్రయై కూర్చున్నది. ఏ ఇంట అత్త గట్టిగా మాటలాడినను సూర్యకాంతమనిరి. ఏ ఆడపిల్ల ఎదురు చెప్పినను సూర్యకాంతమనిరి. చక్కని సంస్కృత నామము, వెలుగును సూచించు పేరు, తెలుగు తల్లిదండ్రులు బిడ్డలకు పెట్టుట మానివేసిరను వాడుక యేర్పడినది. తన పేరు ఇట్లు తిట్టుగా మారుచుండగా చూచుచు, మరునాటి ఉదయము మరల ఆ వేషమే ధరించి నవ్వుచు నిలబడుటకు ఎంత నిబ్బరము కావలెను!

ఈ పాత్రల వలన స్త్రీజాతికి అపకీర్తి కలిగినదని ఆక్షేపించువారును కలరు. ఆ మాటయందు కొంత సత్యము లేకపోలేదు. ఉమ్మడి కుటుంబములు చీలుటకు పంట చాలక, అప్పులు పెరిగి, ఉద్యోగములకై వలసపోవుట మొదలగు కారణము లెన్నియో యుండగా, నేరమంతయు ఒక ఆడుదాని నోటిపై మోపుట చిత్రకథలు వ్రాసినవారి అన్యాయమే. కాని నటి చేయవలసిన పని వేరు. ఇచ్చిన పాత్రకు ప్రాణము పోయుట ఆమె ధర్మము. సూర్యకాంతము అంతకంటె కొంత ఎక్కువే చేసెను. గయ్యాళియందు కూడ మనిషిని చూపెను. అత్తలు ఆమెను చూచి నవ్వుచు నవ్వుచునే తమ నీడను గుర్తించి సర్దుకొనిరి. తమ మనసులోని ఉడుకును తెరమీద చూచి కోడండ్రు తేలికపడిరి. శతకకారులు నీతి చెప్పి చేయదలచిన పనిని ఆమె నవ్వుచేత చేసెను.

హాస్యనటశిరోమణి వంటి బిరుదములు, తిరుపతి మహిళా విశ్వవిద్యాలయము వారి గౌరవ డాక్టరేటు ఆమెను వరించినవి. వయస్సు మీరినను నటన మానలేదు. అత్త పాత్రలు బామ్మ పాత్రలైనవి. 1994 లో వచ్చిన ఎస్.పి. పరశురాం ఆమె చివరి చిత్రముగా చెప్పుదురు. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున డెబ్బది యేండ్ల వయస్సున ఆమె పరమపదించెను. 2024 లో ఆమె పుట్టి నూరేండ్లు నిండినవి. నేటికిని టెలివిజనులో గుండమ్మ కథ వచ్చుచున్నదన్న, ఇంటిల్లిపాదియు పని విడిచి కూర్చుందురు. ఆమె మరణించిన పిదప పుట్టిన పిల్లలు సైతము ఆ ఎడమచేయి లేచినంతనే నవ్వుదురు.

అందమైన పాత్రలు ధరించి మన్నన పొందుట సులభము. అందరును కాదన్న పాత్రను శిరసున ధరించి, లోకముచేత తిట్లు తిని, ఆ లోకమునకే ఆనందము పంచుట కొందరికే చెల్లును. కోరిన పని దొరకలేదని చింతించు యువతీయువకులు ఈమె చరిత్రను జ్ఞప్తియందుంచుకొన దగును. నాయిక కావలెనని వెడలినది, గాయపడినది, దొరకిన చిన్న పాత్రనే సింహాసనముగా చేసికొన్నది. పరుల పాత్రకు ఆశపడలేదు, తన శ్రమకు తగిన ధర అడుగుటకు వెఱవలేదు, వండి పెట్టుటకు వెనుదీయలేదు. ఏ ఇంటనైన ఆడుబిడ్డకు సూర్యకాంతమని మరల పేరు పెట్టుకొన్నచో, అదియే ఆ మహానటికి తెలుగువారు తీర్చుకొను ఋణము.